కూలి మగ్గమా, సొంత మగ్గమా: గేమ్ స్టూడియో ఆఫర్లను ఎలా పోల్చుకోవాలి

దసరాకు ఊరికి పోతే మా చిన్నమ్మ కొడుకు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నన్ను పట్టుకున్నాడు. వాడి ఫోన్లో మూడు పీడీఎఫ్‌లు ఉన్నాయి. "అన్నా, మూడు దిక్కుల పిలుపొచ్చింది. ఒకటి కాంట్రాక్ట్ స్టూడియో, ఒకటి సొంత గేమ్ చేసేటోళ్లది, ఇంకోటి టెస్టింగ్. దేంట్ల చేరాలె?" అన్నాడు. రెండు టీలు అయిపోయేదాకా చెప్పినా సగమే అయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. సూర్యాపేట, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి వైపు నుంచి త్రీడీ నేర్చుకుని హైదరాబాద్ బస్సెక్కే పిల్లలు చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు.

నేను ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నా. మొదట రెండు కాంట్రాక్ట్ స్టూడియోలు, తర్వాత ఒక సొంత గేమ్ కంపెనీ, ఇప్పుడు మళ్లీ కాంట్రాక్ట్ స్టూడియో. కాబట్టి నా మాట కొంచెం ఇటువైపే మొగ్గుతుంది. ఆ మొగ్గు తీసేసి చదువుకోండి.

మాది చేనేతకు పేరున్న పుట్టపాక పక్క ఊరు. మగ్గం ఉన్న ఇళ్లన్నీ ఒక్కలాంటివి కావని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొన్ని ఇళ్లకు షావుకారు నూలిస్తాడు, రంగులిస్తాడు, డిజైన్ కాగితం ఇస్తాడు. నేసి ఇస్తే చీరకు ఇంత అని కూలి. ఆ చీర ఏ షోరూంలో ఎంతకు పోయిందో నేసినాయనకు తెలియదు. ఇంకొన్ని ఇళ్లవాళ్లు సొంత డబ్బుతో నూలు తెచ్చి, సొంత డిజైన్ నేస్తారు. పోతే లాభం వాళ్లదే, పోకపోతే చీరలు బీరువాలో ఉంటాయి, వడ్డీ బయట పెరుగుతుంది. కాంట్రాక్ట్ గేమ్ స్టూడియో మొదటి రకం ఇల్లు. గేమ్ ఎవరిదో అమెరికా కంపెనీది, యూరప్ కంపెనీది, జపాన్ కంపెనీది. అందులో కార్లు, బట్టలు, చెట్లు, గోడలు, కొన్నిసార్లు కోడ్ కూడా మనం చేసి పంపుతాం. ఒప్పందం ప్రకారం డబ్బు వస్తుంది. గేమ్ కోట్ల కాపీలు అమ్ముడుపోయినా మన జీతం మారదు.

ముందు లెక్క, తర్వాత మోజు

"కాంట్రాక్ట్" అనే మాట దగ్గరే చాలామంది బోల్తా పడతారు. స్టూడియో వేరేవాళ్లకు ఒప్పందం మీద పనిచేయడం ఒకటి, మిమ్మల్ని ఒప్పందం మీద తీసుకోవడం ఇంకొకటి. మా తమ్ముడి కాగితాలు చూస్తే నవ్వొచ్చింది. కాంట్రాక్ట్ స్టూడియోవాళ్లు పర్మినెంట్ ఉద్యోగం ఇస్తున్నారు, ఏడాదికి 3,60,000 సీటీసీ (మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు). సొంత గేమ్ కంపెనీవాళ్లేమో నెలకు 30,000 "ప్రొఫెషనల్ ఫీ" ఇస్తామంటున్నారు. అంటే కాంట్రాక్ట్ మనిషి అయ్యేది అక్కడ.

వాడికి రెండోదే ఎక్కువ అనిపించింది. చేతికొచ్చేది చూస్తే నిజమే. మొదటి దాంట్లో నెలకు 30,000. బేసిక్ 15,000 అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, మన వాటా 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి. చేతికి 26,200. గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కూడా సీటీసీలోనే కలిపితే ఇంకొంచెం తగ్గుతుంది. రెండో దాంట్లో 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పోగా 27,000 చేతికొస్తుంది, రిటర్న్ వేస్తే కోసినదీ వెనక్కి వస్తుంది. కానీ మొదటి దాంట్లో నెలకు 3,600 మీ పేరు మీద పీఎఫ్, పెన్షన్ కింద పడుతున్నాయి కదా, అవి కలిపితే రెండూ ఇంచుమించు సమానం. తేడా అంతా కాగితం మీద అంకె లేని చోట ఉంది: జ్వరమొస్తే సెలవు, ఇంట్లో పెళ్లికి నాలుగు రోజులు, నాన్నకు ఆపరేషన్ అయితే ఇన్సూరెన్స్, పని లేని నెలలో జీతం. ఫీ మీద పనిచేసేవాడికి ప్రాజెక్ట్ ఆగిన రోజే ఫీ ఆగుతుంది. కొన్ని ఒప్పందాల్లో పదిహేను రోజుల నోటీసు కూడా ఉండదు.

అందుకే ఆఫర్ రాగానే రెండు వేర్వేరు ప్రశ్నలు వేసుకోండి. గేమ్ ఎవరిది? నేను ఎవరి రోల్స్ మీద, అంటే ఎవరి ఉద్యోగిగా, ఉంటా?

కాంట్రాక్ట్ స్టూడియోలో రోజు ఎలా గడుస్తుంది

నా మొదటి స్టూడియోలో నాకిచ్చిన మొదటి పని ఫైర్ హైడ్రెంట్. అమెరికా రోడ్ల పక్కన ఎర్రగా పొట్టిగా నిలబడి ఉంటుందే, అది. నల్గొండ జిల్లాలో పుట్టినవాడికి రోడ్డు పక్కన నీళ్ల పంపు అంటే బోరింగే. దాన్ని కొట్టి బిందె నింపడమే మనకు తెలుసు. అయినా చేయాలి.

క్లయింట్ పంపిన బ్రీఫ్‌లో ఫొటోలు, కొలతలు, ఎన్ని ట్రయాంగిల్స్ (ఆకారాన్ని కట్టే త్రిభుజాలు) దాటకూడదు, టెక్స్చర్ (పైన అతికించే రంగు బొమ్మ) సైజు ఎంత, ఫైల్ పేరులో ఏ అక్షరం ఎక్కడ రావాలి అన్నీ ఉంటాయి. ముందు బ్లాకౌట్ (వివరాల్లేని ముతక ఆకారం) పంపాలి. సరే అంటే హైపాలీ (వివరాలన్నీ ఉన్న బరువు మోడల్), తర్వాత లోపాలీ (గేమ్ మోయగల తేలిక మోడల్), యూవీలు విప్పడం (రంగు వేయడానికి ఉపరితలాన్ని చదునుగా పరచడం), బేకింగ్ (బరువు మోడల్ వివరాలను తేలిక మోడల్ మీదికి దించడం), సబ్‌స్టాన్స్ పెయింటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రంగూ తుప్పూ, చివరికి దూరం నుంచి చూసేటప్పటికి సరిపోయే తేలిక రూపాలు, అంటే ఎల్‌ఓడీలు. నా హైడ్రెంట్ నాలుగుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి వచ్చిన నోట్ ఇప్పటికీ గుర్తుంది. రంగు రాలిన చోటు తప్పు, పానా పట్టే నట్టు అంచుల దగ్గర రాలాలి గాని నడి పొట్ట మీద ఎందుకు రాలుతుంది అని అడిగారు.

ఆ ఆదివారం ఊరికి పోయి మా వీధి బోరింగును మొదటిసారి సరిగ్గా చూశా. చెయ్యి పట్టే చోట ఇనుము అద్దంలా మెరుస్తోంది. పిడి ఆడే బోల్టు చుట్టూ గ్రీజు నల్లగా గడ్డకట్టింది. నీళ్లు పడే గచ్చు మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. వస్తువు ఎక్కడ అరుగుతుందో దాన్ని వాడే చెయ్యి చెబుతుంది. నేను కట్టిన ఇన్‌స్టిట్యూట్ ఫీజులో ఈ పాఠం లేదు. ఆ నోట్ రాసిన మనిషి ముఖం కూడా నేను చూడలేదు.

కాంట్రాక్ట్ స్టూడియోలో అసలు జీతం ఇదే అంటా నేను. రెండేళ్లలో నలుగురైదుగురు క్లయింట్ల పద్ధతులు చేతికొస్తాయి. ఒకరికి ఫొటోలా ఉండాలి, ఒకరికి బొమ్మల పుస్తకంలా ఉండాలి. ఇంజిన్ (గేమ్‌ను తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) ఒకరిది అన్‌రియల్, ఒకరిది యూనిటీ, ఇంకొకరిది బయట ఎవరూ చూడని సొంతది. ఫైల్ పేరు తప్పు పెడితే డెలివరీ మొత్తం తిరిగొస్తుంది కాబట్టి క్రమశిక్షణ దానంతటదే అలవడుతుంది. మన దేశంలో ఇది కొత్త దారేం కాదు. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ ఏళ్ల తరబడి విదేశీ గేమ్‌లకు ఆర్ట్ పని చేసి, చివరికి 2019లో జీటీఏ గేమ్‌లు చేసే రాక్‌స్టార్ చేతికి వెళ్లింది.

ఇక మెకానికల్ పని సంగతి. వందల వస్తువులకు ఎల్‌ఓడీలు తగ్గించడం, రీటోపో చేయడం (బరువు మోడల్ మీద తేలిక జాలీ మళ్లీ అల్లడం), పేర్లు మార్చడం. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారి కథ మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టాలంటే, దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు ఇంట్లో ఆడవాళ్లు కూలి లేకుండా చేసే పని కాబట్టి యంత్రం వస్తే నొప్పి పోయింది, ఎవరి బువ్వా పోలేదు. మా దగ్గర అలా కాదు. ఆ ఆసు పనికే కొందరికి జీతం. ఇప్పుడు ఎల్‌ఓడీల్లో చాలా భాగం సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. అన్‌రియల్ 5లో నానైట్ వచ్చాక, దూరాన్ని బట్టి వివరాలు అదే తగ్గించుకుంటుంది కాబట్టి, కొన్ని వస్తువులకు వాటి అవసరమే తగ్గింది. ఇంటర్వ్యూలో "మొదటి ఏడాది నాతో ఏం చేయిస్తారు" అని అడగండి. జవాబులో ఆసు పని తప్ప ఇంకేమీ లేకపోతే ఒకసారి ఆలోచించుకోండి.

క్లయింట్ ఏ దేశమో అడగండి

ఇది ఎవరూ అడగరు. మీ నిద్ర మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

క్లయింట్ కాలిఫోర్నియాలో ఉంటే వేసవిలో మనం పన్నెండున్నర గంటలు ముందుంటాం, చలికాలంలో పదమూడున్నర. మీరు సాయంత్రం ఫైల్ పంపితే వాళ్లు మీ రాత్రంతా చూసి, మీరు పొద్దున ఆఫీసుకొచ్చేసరికి నోట్స్ పెడతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ నోట్ అర్థం కాకపోతే? అడిగిన మాటకు జవాబు మరుసటి పొద్దున. ఒక్క సందేహానికి ఒక రోజు ఖర్చు. గడువు మాత్రం వెనక్కి జరగదు. అందుకని లీడ్ (మన టీమ్ పెద్ద) రాత్రి పదింటికి కాల్ పెడతాడు, లీడ్ ఉంటే మీరూ ఉంటారు. బ్రిటన్ క్లయింట్ అయితే తేడా వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలే. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఏడు దాకా మాట్లాడుకోవచ్చు. జపాన్ అయితే వాళ్లే మూడున్నర గంటలు ముందు, పొద్దున తొందరగా రావాలి గాని సాయంత్రం ఇంటికి పోవచ్చు. నేను మూడూ చేశా. ఒళ్లు బాగున్నది జపాన్ ప్రాజెక్టులో, పని ఎక్కువ నేర్చింది అమెరికా ప్రాజెక్టులో.

మనవాళ్లకు దీంట్లో ఇంకో లెక్క ఉంది. చౌటుప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో, అమీర్‌పేటలో మారి రాయదుర్గం. పగటి పూట రోజూ తిరిగేవాళ్లను చూశా, నేనే ఆరు నెలలు తిరిగా. కాల్ రాత్రి పదకొండుకు అయిపోతే ఈ ప్లాన్ మొత్తం పోతుంది. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో అయితే వంద కిలోమీటర్లు, ఆ మాటే వద్దు. అంటే హాస్టల్ అద్దె, మెస్సు ఖర్చు జీతంలోంచి తీసేసి పోల్చుకోవాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా 2023లో ఐటీ టవర్లు తెరిచారు. మా అమ్మ ఇప్పటికీ "అంత పెద్ద బిల్డింగు కట్టిన్రు గద, దాంట్ల చేరరాదురా" అంటది. గేమ్ ఆర్ట్ మీద బతకాలంటే మాత్రం ఇప్పటికీ హైదరాబాద్ పడమటి వైపుకు పోవాల్సిందే.

డబ్బు ఎలా వస్తుందో తెలిస్తే, శనివారాలు ఎలా పోతాయో తెలుస్తుంది

స్టూడియోకు క్లయింట్ డబ్బిచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి వస్తువుకింత అని. కుర్చీకి ఇంత, కారుకి ఇంత, మైలురాయి దాటితే బిల్లు. రెండోది మనిషికి నెలకింత అని. పదిమంది ఆర్టిస్టులను ఆరు నెలలు ఇచ్చాం, ఇంత కట్టండి.

మొదటి పద్ధతిలో క్లయింట్ ఎన్నిసార్లు తిప్పి పంపితే అంత నష్టం స్టూడియోకు. ఆ నష్టం మెల్లగా కిందికి జారి మీ శనివారం మీద పడుతుంది. నా రెండో స్టూడియోలో (పేరు వద్దు) అదే జరిగింది. క్లయింట్ వైపు ఆర్ట్ డైరెక్టర్ మారాడు. అప్పటికే ఓకే అయిన నలభై వస్తువులు కొత్తాయనకు నచ్చలేదు. ఎన్నిసార్లు దిద్దాలో ఒప్పందంలో రాసుకోలేదట. పదకొండు వారాలు వరుసగా శనివారాలు పోయాయి, చివర్లో ఆదివారాలూ పోయాయి. బిల్లు పాస్ కాలేదు, రెండు నెలల జీతం ఆలస్యమైంది. మా ఓనరు చెడ్డవాడేం కాదు, ఆయనా మాతోపాటే కూర్చుని రాత్రి బిర్యానీ తెప్పించేవాడు. బిర్యానీకి హాస్టల్ అద్దె తీరదు కదా.

రెండో పద్ధతిలో ఒళ్లు కాస్త సుఖం. తిప్పి పంపినా నెల గడిస్తే బిల్లు వస్తుంది కాబట్టి ఎవరికీ కంగారుండదు. కానీ అవతల గేమే రద్దయితే పదిమందీ ఒక్కరోజే బెంచీ మీదికి వస్తారు, అంటే పని లేకుండా కూర్చుంటారు. షావుకారుకు ఆర్డర్ ఆగితే మగ్గం ఆగినట్టే. బెంచీ మీద ఎన్ని వారాలు జీతమిచ్చి ఉంచుకోగలరో స్టూడియో సత్తా అక్కడ తేలుతుంది.

పెద్ద స్టూడియో అయితే ఈ భయం ఉండదనుకోవద్దు. ఈ రంగంలో ప్రపంచంలోనే పెద్దవాటిలో వర్టువోస్ ఒకటి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్డ్ (పాత గేమ్‌కు కొత్త రూపం) పని చేసింది వాళ్లే, గేమ్ బాగా ఆడింది. అదే జూలైలో దాదాపు 270 మందిని, అంటే ఉద్యోగుల్లో 7 శాతం మందిని తీసేశారు. సినిమాలకూ గేమ్‌లకూ పనిచేసే టెక్నికలర్ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలితే బెంగళూరు, ముంబై ఆఫీసుల్లో జనం రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. గేమ్ హిట్ అయితే మన ఉద్యోగం గట్టి అనుకోవడం సొంత మగ్గం వాడి లెక్క. కూలి మగ్గానికి తర్వాతి ఆర్డర్ ఉందా లేదా అన్నదే లెక్క.

ఇంకో వైపు కూడా చూడాలి. పుణేలోనూ స్టూడియో ఉన్న బ్రిటన్ కంపెనీ సుమో 2025 ఫిబ్రవరిలో సొంత గేమ్‌లు వదిలేసి పూర్తిగా ఇతరులకు పనిచేయడానికే మారుతున్నట్టు ప్రకటించింది. సొంత నేత మానుకుని కూలి నేతకు పెద్దవాళ్లే వచ్చారంటే సొంత నూలు ఎంత బరువో అర్థం చేసుకోండి.

పేరు ఎవరిది

పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. ఊరి పేరు నిలిచింది. కానీ షోరూంలో వేలాడే ఒక్కో రుమాలు ఏ ఇంట్లో నేసిందో కొనేవాళ్లకు తెలియదు. గేమ్ క్రెడిట్స్ కూడా చాలాసార్లు అంతే. కొన్నింటిలో స్టూడియో పేరు ఒక్కటే వస్తుంది, కొన్నింటిలో గేమ్ వచ్చే రోజుకు ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేర్లే వస్తాయి. క్రెడిట్స్ ఎలా ఇవ్వాలో ఐజీడీఏ (గేమ్ చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం) మార్గదర్శకాలు రాసి పెట్టింది గాని అవి పాటించి తీరాలన్న నియమం లేదు.

పేరు కన్నా పెద్ద చిక్కు పోర్ట్‌ఫోలియో. మీరు చేసినదంతా ఎన్డీఏ (బయట చెప్పకూడదనే ఒప్పందం) కింద ఉంటుంది. గేమ్ బయటికొచ్చేదాకా చూపకూడదు, వచ్చాక కూడా క్లయింట్ ఒప్పుకోవాలి. గేమ్ రద్దయితే మీ రెండేళ్ల పని ఏ సర్వర్లోనో పడి ఉంటుంది. నేను మొదటి ఐదేళ్లలో తొమ్మిది గేమ్‌లకు పనిచేశా, పేరు చెప్పుకోగలిగినవి రెండే. నా హైడ్రెంట్ ఉన్న గేమ్ వాటిలో లేదు. కాబట్టి రాత్రిపూట సొంతంగా చిన్న చిన్న పనులు చేసి పెట్టుకోవాలి. నా పోర్ట్‌ఫోలియోలో అందరూ ఆగి చూసేది ఆఫీసు పని కాదు, తర్వాత సొంతంగా చేసుకున్న మా వీధి బోరింగు. ఎన్డీఏ ఉన్న పని స్క్రీన్‌షాట్ వాట్సాప్ స్టేటస్ పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు నాకు తెలుసు. వాళ్ల అమ్మకు చూపించుకుందామని పెట్టాడు పాపం.

సొంత గేమ్ కంపెనీ

ఇక్కడ క్లయింట్ ఉండడు, ఆడేవాళ్లే క్లయింట్లు. మొబైల్ గేమ్‌లలో రోజూ లెక్క చూస్తారు: ఇన్‌స్టాల్ చేసినవాళ్లలో మర్నాడు ఎందరు తిరిగొచ్చారు, ఏడో రోజు ఎందరు మిగిలారు. బటన్ రంగు మార్చినా అంకెలు అడుగుతారు. మీరు చెప్పిన ఆలోచన గేమ్‌లోకి వచ్చి, పక్క సీటు ఆంటీ మెట్రోలో అదే ఆడుతుంటే కలిగే సంతోషం కాంట్రాక్ట్ స్టూడియోలో దొరకదు. ఆ సంతోషం కోసమే నేను మారా. పద్నాలుగు నెలలు ఒక గేమ్ చేశాం. చిన్న దేశాల్లో సాఫ్ట్ లాంచ్ (పరీక్ష కోసం ముందుగా విడుదల) చేశారు, ఏడో రోజు అంకె రాలేదు, గేమ్ ఆపేశారు. రెండో గేమ్ తొమ్మిది నెలలకు ఆపేశారు. రెండేళ్లు పోయాయి, బయట చూపడానికి ఏమీ లేదు, పైగా ఒక్కటే శైలి చేసి చేసి చెయ్యి మొద్దుబారింది. వెనక్కి వచ్చింది అందుకే. అవే రెండేళ్లు వేరేవాళ్లకు హిట్ ఇచ్చి, బోనస్ ఇచ్చి ఉండొచ్చు. అదృష్టం పాలు ఇక్కడ ఎక్కువ.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు పందెం ఆటలను ఆపేసింది, ఆ కంపెనీల్లో ఉద్యోగాలు చాలా పోయాయి. "క్యాజువల్ గేమ్స్" అని బోర్డు పెట్టి లోపల ఇంకేదో నడుపుతున్నారేమో యాప్ దించుకుని వారం రోజులు ఆడి చూడండి.

టెస్టింగ్, ఇంటి నుంచి ఫ్రీలాన్స్

టెస్టింగ్ అంటే రోజంతా ఆడుకోవడం అనుకుని వస్తారు. ఒకే గోడకు ఆరు గంటలు గుద్దుకోవడం అది. గేమ్ నడుస్తుండగా కంట్రోలర్ ఆఫ్ చేస్తావు. గేమ్ ఆగి, కంట్రోలర్ కలపమని తెర మీద రావాలి. రాకపోతే సోనీ, మైక్రోసాఫ్ట్ వాళ్లు గేమ్‌ను వెనక్కి పంపుతారు. ఇదే పరీక్ష మెనూలో, ఆటలో, సేవ్ అవుతుండగా, వీడియో నడుస్తుండగా, ప్రతి కొత్త బిల్డ్ (గేమ్ తాజా కాపీ) మీదా మళ్లీ చేయాలి. ఓపిక ఉండి, బగ్ ఎలా వచ్చిందో స్పష్టంగా రాయగలిగితే మంచి తలుపే. గేమ్ ఎలా తయారవుతుందో లోపలి నుంచి కనిపిస్తుంది. ఆర్టిస్ట్ కావాలనుకునేవాడు మాత్రం అటు నుంచి ఇటు రావడం కష్టం. నేను చూసినంతలో మారినవాళ్లు ఒకరిద్దరే.

తమ్ముడి టెస్టింగ్ ఆఫర్ ఏజెన్సీ ద్వారా వచ్చింది. పాలమూరు వాళ్లకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. మేస్త్రి గుంపును కట్టుకుని పోవడం, పని ఒకరి దగ్గర, కూలి మేస్త్రి చేతుల మీదుగా రావడం తాతల కాలం నుంచి చూసిందే. ఐడీ కార్డు మీద పెద్ద కంపెనీ లోగో ఉంటుంది, జీతం స్లిప్పు మీద ఇంకెవరిదో పేరు ఉంటుంది. ఏజెన్సీ నిజంగా పీఎఫ్ కడుతోందో లేదో రెండో నెలే పాస్‌బుక్ తీసి చూసుకోవాలి.

ఫ్రీలాన్స్ గురించి ఎక్కువ రాయను. మొదటి ఉద్యోగంగా వద్దు. నోట్స్ ఇచ్చే లీడ్ లేకుండా నేర్చుకోవడం చాలా కష్టం, తెలియని క్లయింట్ పని తీసుకుని మాయమైతే నల్గొండలో కూర్చుని ఏం చేస్తాం? మూడు నాలుగేళ్ల తర్వాత, చేతిలో ఇద్దరు నమ్మకమైన క్లయింట్లు ఉంటే ఇంటి దగ్గర ఉండి హాస్టల్ అద్దె మిగుల్చుకోవడం మంచి బతుకే. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ బాధ ఉండదు.

మరి ఎవరు ఎటు

ఇంట్లో అప్పు ఉండి, ప్రతి నెలా ఒకటో తారీఖు డబ్బు రావాల్సిందే అన్నవాళ్లు, చెయ్యి ఇంకా తిరగనివాళ్లు పర్మినెంట్ రోల్స్ ఇచ్చే కాంట్రాక్ట్ స్టూడియోకు పోండి. మూడేళ్లు ఉండండి. ఐదేళ్లకు మించి అదే సీట్లో అదే రకం వస్తువులు చేస్తుంటే లేవాల్సిన టైమ్ దాటిందన్నట్టు. గేమ్ ఎందుకు ఆడాలనిపిస్తుంది, ఎందుకు వదిలేస్తారు అని ఆలోచించడమే మీ పిచ్చి అయితే, ఇంటి నుంచి ఒత్తిడి లేకపోతే, సొంత గేమ్ కంపెనీ. జీతం రెండు వేలు ఎక్కువని మాత్రం అటు పోవద్దు.

బాండు అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగినా, "ట్రైనింగ్ ఫీజు" కట్టమన్నా ఎటువైపూ వద్దు. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఉచితం, నేర్చుకోవడానికి అన్‌రియల్ ఉచితం. ఇంటర్వ్యూ కోసం ఆర్ట్ టెస్ట్ ఇస్తే చేయండి, కానీ పది రోజుల పని ఇచ్చి ఎక్కడో అమ్ముకునేలా ఉంటే మర్యాదగా తప్పుకోండి. ఒకటి రెండు రోజుల్లో తేలని టెస్ట్ నేనైతే చేయను.

తమ్ముడి చేత స్టూడియో హెచ్‌ఆర్‌కు ఐదు ప్రశ్నలు పెట్టించా. క్లయింట్లు ఏ దేశాలవాళ్లు? బిల్లు వస్తువుకా, మనిషి నెలకా? బెంచీ మీద జీతం ఎన్నాళ్లు? శనివారం పని చేస్తే బదులు సెలవా, డబ్బా? గేమ్ వచ్చాక నా పని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే అనుమతి రాతలో ఉంటుందా? రెండోదానికి ఆవిడ "అది మా అంతర్గత విషయం" అంది. అనడమూ సబబే. కానీ టీమ్ లీడ్‌తో మాట్లాడే రౌండ్‌లో అదే మాట కొంచెం తిప్పి అడిగితే ఆయన నవ్వి చెప్పేశాడట, మనిషి నెలకే అని. క్లయింట్ బ్రిటన్. బెంచీ రెండు నెలలు. శనివారానికి బదులు సెలవు. ఐదోదానికి లీగల్ వాళ్లను అడిగి సోమవారం చెబుతామన్నారు.

జవాబు వచ్చేదాకా సంతకం పెట్టొద్దన్నా. "సరే అన్నా" అన్నాడు. నిన్న రాత్రి చిన్నమ్మ ఫోన్ చేసింది. వాడు మొన్ననే మాదాపూర్‌లో హాస్టల్‌కు అడ్వాన్స్ కట్టేసి వచ్చాడట.